అసలుది గడప దాటకూడదు

మా ప్రహరీ గోడకి అవతల శోభనాద్రి ఇల్లు. ఆ ఇంట్లో ఉండేది నలుగురు. శోభనాద్రి, అతని పెళ్ళాం వరహాలు, తమ్ముడు బుల్లెబ్బాయి, వీళ్ళ ముగ్గురి మీదా పెత్తనం చేసే తల్లి నాగరత్నం. ఈ నలుగురికీ తమ తెలివి మీద ఉన్నంత నమ్మకం మా రామచంద్రపురంలో ఇంకెవరికీ ఇంక దేనిమీదా లేదు. నిజం చెప్తున్నాను, ఇరవై రెండేళ్ళుగా గోడకి ఇవతల కాపరం చేస్తున్నదాన్ని.

కిందటేడు వానలకి శోభనాద్రి కొత్త గొడుగు కొన్నాడు. ఆ సాయంత్రమే తడిసి ముద్దయి ఇంటికొచ్చాడు. "గొడుగేదయ్యా?" అన్నాను. చొక్కా గుండీలు విప్పి లోపల్నించి తీసి చూపించాడు. "ఒక్క చుక్క పడనిచ్చానేమో చూడండి పిన్నిగారూ!" అన్నాడు. వెనకాల అరుగు మీంచి నాగరత్నం, "ఎవరి పెంపకమనుకున్నావు ఆదిలక్ష్మీ?" అని నాకేసి చూసి తల ఎగరేసింది. నేను ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాను. ఇంకేం చెయ్యను?

అయితే ఒకటి ఒప్పుకోవాలి. వరహాలు చేతి పిండివంటలు తిన్నవాళ్ళు ఇంకొకరి చేతివి తినలేరు. కజ్జికాయలైతే మరీను. దేవుడు ఆ పిల్లకి తలలో పెట్టాల్సింది కూడా చేతుల్లోనే పెట్టేశాడు. వాళ్ళ జీవనం ఆ పిండివంటల మీదే.

ఆ కజ్జికాయలు వేయించే ఇనప మూకుడు నాగరత్నానిది. వాళ్ళత్తగారి నాటిది. చంటిపిల్లని కూర్చోబెట్టి నీళ్ళు పోయొచ్చు, అంత ఉంటుంది. పొద్దున్న వరహాలు అడిగి తీసుకోవాలి, సాయంత్రం తోమి అప్పజెప్పాలి. నాగరత్నం దాన్ని మంచం కింద పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటుంది. పెళ్ళయి పదకొండేళ్ళయినా ఆ పిల్లకి మూకుడు తనదనే సుఖం లేదు.

ఈ వేసంగిలో నాగరత్నం ఒక షరతు పెట్టింది. "ఐదొందల కజ్జికాయలకి తగ్గకుండా ఒక్క పెద్ద ఆర్డరు, ఎవరి చేతా మాట పడకుండా అందించు. మూకుడు నీ చేతిలో పెడతా. మృగశిర కార్తె వచ్చేలోగా ఆ పని చెయ్యలేకపోయావా, అమలాపురంలో నా చెల్లెలి కోడలికి ఇచ్చేస్తా."

అంతే. వరహాలు గోడ దగ్గరికొచ్చి ఒకటే ఏడుపు. "ఆ మూకుడు పోతే నా చెయ్యి పోయినట్టే పిన్నిగారూ. ఇంకోదాన్లో నాకు కజ్జికాయ గుల్లగా రాదు" అంది. నాకే గుండె కలుక్కుమంది. ఎంత తెలివితక్కువదైనా, దాని కన్నీళ్ళు మాత్రం తెలివితక్కువవి కాదు కదా.

పెద్ద ఆర్డర్లు ఎలా వస్తాయి? వెబ్‌సైటు పెట్టుకుంటే వస్తాయని కోమలి చెప్పింది. కోమలి శోభనాద్రి మేనకోడలు, కాకినాడలో వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగం. ఆ వంశంలో తండ్రి పోలిక వచ్చింది ఆ పిల్ల ఒక్కతే, బతికిపోయింది.

ఓ ఆదివారం కోమలి పాత కంప్యూటరొకటి, చిన్న ప్రింటరొకటి మోసుకుని బస్సు దిగింది. ఇంట్లో ఇంకెక్కడా చోటు లేక కుట్టుమిషను మీద పెట్టింది. గంటసేపు ఏవేవో ఎక్కించింది, వైర్లు తగిలించింది. చుట్టూ నలుగురూ పెళ్ళి చూస్తున్నట్టు కూర్చున్నారు. గోడ మీంచి నేనూ చూస్తున్నాను.

"ఇదిగో మావయ్యా, మన వెబ్‌సైటు ఇందులో తయారైంది. ఇంకా బయటి ప్రపంచానికి కనిపించదు, ఈ ఇంట్లో ఈ ఒక్క కంప్యూటర్లోనే ఉంటుంది. ఎవరైనా ఆర్డరు నొక్కితే ఎవరికి, ఎన్ని, ఏ రోజుకి అని చీటీ తయారుచేసే స్క్రిప్టు రాశాను. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో వారం రోజులు మీరే ఆర్డర్లిచ్చి చూడాలి."

"అడిగేదీ ఈ పెట్టే, జవాబు చెప్పేదీ ఈ పెట్టేనా?" అన్నాడు బుల్లెబ్బాయి.

"అవును చిన్న మావయ్యా. తనే అడుగుతుంది, తనే చెబుతుంది."

"అమ్మ మధ్యాహ్నం పూట అలాగే చేస్తుంది" అన్నాడు బుల్లెబ్బాయి మెల్లిగా. నాగరత్నం విసనకర్రతో ఒకటిచ్చింది.

కోమలికి వీళ్ళ సంగతి తెలుసు. అందుకని పాత క్యాలెండరు కాగితం వెనకవైపు పెద్దపెద్ద అక్షరాలతో మూడు సంగతులు రాసి గోడకి అతికించింది. ఇంట్లో సరిగ్గా వచ్చేదాకా బయటివాళ్ళకి కనిపించకూడదు. కస్టమర్లు చేసే తప్పులన్నీ ముందు మనమే చేసి చూసుకోవాలి. అసలుది ఎప్పుడూ ఇంట్లోనే ఉండాలి, బయటికి పంపేది దాని కాపీ మాత్రమే.

"ఈ మూడోది మటుకు ప్రాణం పోయినా మర్చిపోకండి. అసలుది మన దగ్గరుంటే బయటిది పాడైనా మళ్ళీ ఇంకో కాపీ పంపుకోవచ్చు. అసలుదే పోగొట్టుకుంటే బాగుచేసుకోడానికి ఏమీ మిగలదు" అని ఒట్టేయించుకుని బస్సెక్కింది.

ఒట్టు వేశారు. నలుగురూ వేశారు. ఆ ఒట్టు దగ్గరే వచ్చింది చావంతా.

మర్నాడు పొద్దున్న చూద్దును కదా, ఆ ఇంటి తలుపులూ కిటికీలూ అన్నీ బిగించేసి ఉన్నాయి. మండుటెండలు. కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కారు. పాలల్లోకి తోడు అయిపోయి వెళ్ళి తలుపు కొట్టాను.

"బయటివాళ్ళకి కనిపించకూడదు పిన్నిగారూ" అని లోపల్నించి శోభనాద్రి.

"నాక్కావలసింది పెరుగుచుక్కయ్యా!"

లోపల గుసగుసలు. తలుపు కొంచెం తెరిచి, "కళ్ళు మూసుకుని రండి" అన్నాడు. మూసుకుని వెళ్ళాను. నా బుద్ధి చూడండి, నేనూ మూసుకుని వెళ్ళాను! కుట్టుమిషను అంచు మోకాలికి తగిలి వారం రోజులు కుంటుతూ నడిచాను.

లోపల టెస్టింగు మొదలైంది. మొదటి ఆర్డరు బుల్లెబ్బాయిది. ఎన్ని కావాలి అన్నచోట సున్నా కొట్టాడు. స్క్రిప్టు చీటీ ఇచ్చింది, సున్నా కజ్జికాయలని. వరహాలు చీటీ చూసి, ఖాళీ డబ్బా తుడిచి, మూత పెట్టి, దారం కట్టి మరిది చేతికిచ్చింది. బుల్లెబ్బాయి విప్పి చూసి, "లెక్క సరిపోయింది వదినా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత మైనస్ అయిదు కొట్టాడు. కస్టమరు అలాంటి తప్పు చెయ్యొచ్చు కదా మరి. చీటీలో మైనస్ అయిదే వచ్చింది. ఇంకేముంది, ఆ చీటీ పట్టుకుని వరహాలు మరిది ముందు చెయ్యి చాపింది.

"ఏంటి వదినా?"

"అయిదు కజ్జికాయలు ఇవ్వు. నీ ఆర్డరు ప్రకారం నువ్వే మాకివ్వాలి."

"నా దగ్గరెక్కడివీ?"

"నాకేం తెలుసు? ఆర్డరు పెట్టేముందు ఆలోచించుకోవాలి."

వాడు పరిగెత్తుకుంటూ మా ఇంటికొచ్చాడు. నేను పెరట్లో బట్టలారేస్తున్నాను. మా వంటింట్లో డబ్బాలో అయిదే ఉన్నాయి, అవీ వరహాలు శుక్రవారం నాకు పెట్టినవే. ఎత్తుకుపోయి దానికే అప్పజెప్పాడు. "చూశారా, ఈ స్క్రిప్టు ఎంత మంచిదో! వండకుండానే ఇంట్లోకి కజ్జికాయలు తెస్తోంది" అని శోభనాద్రి మురిసిపోయాడు. సాయంత్రం నేను డబ్బా మూత తీసి చూసుకుని ఎంత తిట్టుకున్నానో మీకు చెప్పకూడదు, ఇక్కడ చిన్నపిల్లలున్నారు.

ఆ సంగతి ఫోన్లో తెలిసి కోమలి నవ్వలేక చచ్చిందట. స్క్రిప్టులో ఆ లోపం దిద్దేసి, "మంచి పని చేశారు, తప్పులు ఇలాగే చేస్తూ ఉండండి" అంది. ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది.

వరహాలుకి హుషారొచ్చింది. తప్పులన్నీ ముందు మనమే చేసి చూసుకోవాలని గోడ మీద ఉంది కదా, మరి వంటింట్లో సంగతేమిటి? అంతే. పాకంలో పంచదారకి బదులు ఉప్పు పోసింది. సున్నుండల్లో సున్నిపిండి కలిపింది. అప్పడాలు నీళ్ళల్లో వేయించింది. అవన్నీ పళ్ళెంలో పెట్టి మొగుడి ముందు పెట్టింది.

శోభనాద్రి ఒకటి కొరికాడు. మొహం అష్టవంకర్లు పోయింది. అయినా పద్ధతి తప్పకూడదు కదా. కంప్యూటర్లో తప్పు నొక్కితే ఏం వస్తుందో సరిగ్గా ఆ మాటే, నమస్కారం పెట్టి మరీ అన్నాడు. "క్షమించండి. పొరపాటు జరిగింది. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి."

వరహాలు వెంటనే వెళ్ళి ఆ ఉప్పుతోనే మళ్ళీ చేసింది. అతను మళ్ళీ క్షమించమన్నాడు. ఆమె మళ్ళీ చేసింది. ఉప్పు డబ్బా అయిపోయేదాకా సాగింది ఈ భాగోతం. రాత్రి భోజనానికి నలుగురికీ నాలుగు చెంబుల మంచినీళ్ళే. నాగరత్నం కూడా తిట్టలేదు, పైగా "ఇంట్లో ఉన్నప్పుడే ఇవన్నీ తెలుసుకోవడం మంచిదయింది. బయటికెళ్ళాక తెలిస్తే పరువు పోయేది" అంది.

బుధవారం కంప్యూటరు కదలకుండా మొరాయించింది. కోమలికి ఫోన్ చేస్తే, "ఏం లేదు, మధ్యలో ఆగిపోతే పూర్తిగా ఆపేసి, కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టండి" అంది. అలాగే చేశారు, బాగుపడింది. ఆ ఉపాయం వాళ్ళకి భలే నచ్చింది.

మర్నాడు నాగరత్నం ఎందుకో బుల్లెబ్బాయిని ఝాడించేస్తూ, ఏం చెప్పబోతోందో మర్చిపోయి మధ్యలో ఆగిపోయింది. ఇంకేముంది! కొడుకులిద్దరూ ఆవిణ్ణి కుర్చీతో సహా ఎత్తి గదిలోకి తీసుకెళ్ళి, మంచం మీద పడుకోబెట్టి, దీపం ఆర్పి, తలుపు దగ్గరికేసి బయట నిలబడ్డారు. పది నిమిషాలాగి లేపారు. ఆవిడ కళ్ళు తెరిచి, బుల్లెబ్బాయిని చూసి, తిట్లు మొదట్నించీ అందుకుంది. ఈసారి ఒక్కటి కూడా మర్చిపోలేదు. "బాగా పనిచేస్తోందన్నయ్యా" అన్నాడు వాడు, తిట్లు తింటూనే.

అలా వారం గడిచింది. ఆదివారం కోమలి కాకినాడ నుంచే ఏదో చేసి, వెబ్‌సైటు బయట పెట్టేశానని ఫోన్ చేసింది. అప్పుడు కిటికీలు తెరిచారు. లోపల్నించి వచ్చిన ఆ వేడికి మా గోడ మీద మందార చెట్టు వాడిపోయింది.

సోమవారం పొద్దున్నే చీటీ వచ్చింది. పేరు మంగతాయారు. గురువారం పది గంటలకి. కజ్జికాయలు ఐదొందలు.

వరహాలు ఆ చీటీ పట్టుకుని గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "ఐదొందలు పిన్నిగారూ! సరిగ్గా ఐదొందలు! బుల్లెబ్బాయేమో ఈ పేరు గలవాళ్ళు ఉండరు, నేనే సరదాకి కొట్టి మర్చిపోయుంటానంటున్నాడు."

"వాడి తలకాయ! మంగతాయారంటే కోటవీధి టీచరే. కూతురు హారిక సీమంతం గురువారం. నన్నూ పిలిచింది. నూట ఇరవైమంది వస్తారట" అన్నాను.

దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అయితే మూకుడు నాదేనా?" అంది. నీదేనమ్మా, జాగ్రత్తగా చేసుకో అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మంగళవారం, బుధవారం ఆ ఇంట్లోంచి వచ్చిన కొబ్బరికోరు వాసనకి వీధిలో ఎవరికీ అన్నం సహించలేదు. చుట్టూ జడ అల్లినట్టు అంచు మడిచి ఒక్కొక్కటీ ఎంత ముచ్చటగా చేసిందో! బుధవారం మధ్యాహ్నానికి ఐదొందలూ అయిపోయి గంపల్లోకి చేరాయి. హమ్మయ్య, గట్టెక్కింది అనుకున్నాను.

ఇంతలో ఆటో ఆగింది. ఆటోలోంచి బస్టాండు దగ్గర జిరాక్స్ కొట్టు సాంబశివం దిగాడు. అతని వెనకాల, శోభనాద్రీ బుల్లెబ్బాయీ ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన జిరాక్స్ మిషను దిగింది. విరిగిన కజ్జికాయలు కడుపునిండా పెడతామని ఆశ చూపించి తీసుకొచ్చారట. ఏదో ప్రకటనల కాగితాలు వేసుకుంటారు కాబోలు అనుకున్నాను. అనుకుని వెళ్ళి నిద్రపోయాను. అప్పుడే వెళ్ళి చూసుంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

గురువారం సీమంతం. మంగతాయారు ఇంట్లో హాలు నిండా ఆడవాళ్ళు. హారిక పీట మీద కూర్చుంది, పాపం ఏడో నెల, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదట. "వరహాలు కజ్జికాయలు తింటాను, ఇంకేం వద్దు" అని కూర్చుందట.

సరిగ్గా పది కొట్టగానే శోభనాద్రి, బుల్లెబ్బాయి ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని అయిదు డబ్బాలు తెచ్చి మధ్యలో పెట్టారు. "ఐదొందలూ ఉన్నాయి. కావాలంటే చూసుకోండి" అన్నాడు శోభనాద్రి, చేతులు కట్టుకుని.

మంగతాయారు మూత తీసింది.

డబ్బా నిండా కాగితం కజ్జికాయలు. రంగుల జిరాక్స్. ఒక్కొక్కటీ అంచు జడతో సహా కత్తెరతో చక్కగా కత్తిరించినవి. మేమింకా నోళ్ళు తెరుచుకుని చూస్తుండగానే, ఆకలి మీదున్న హారిక చెయ్యి పెట్టి ఒకటి తీసి కొరికేసింది కూడా.

"ఇదేమిటయ్యా?" అంది మంగతాయారు.

"కాపీలండి" అన్నాడు శోభనాద్రి. "ఒక్కో కాగితం మీద ఎనిమిదేసి వచ్చాయి. ఆఖరి దాన్లో నాలుగే. రెండువైపులా తీయించాం."

"నలుపు తెలుపు అయితే మాడ్చేశారనుకుంటారని కలర్లో తీయించామండి" అన్నాడు బుల్లెబ్బాయి.

నేను లేచి శోభనాద్రి చెవి పట్టుకున్నాను. నలభై ఏళ్ళ మనిషి, అయినా పట్టుకున్నాను. "అసలు కజ్జికాయలేవిరా సన్నాసీ?"

"ఇంట్లో భద్రంగా ఉన్నాయి పిన్నిగారూ! వరహాలు కాపలా కాస్తోంది. అసలువి ఎండ కూడా చూళ్ళేదు, జిరాక్స్ మిషన్నే ఇంటికి తెచ్చాం!"

"వెళ్ళి పట్టుకురా!"

అతని మొహం పాలిపోయింది. "అమ్మో! ఒట్టు వేశామండి. అసలువి గడప దాటించేస్తే, రేపు ఈ కాపీలు పాడైతే మీకు మళ్ళీ ఎక్కణ్ణించి తెచ్చివ్వమంటారు?"

ఇంక లాభం లేదని కోమలికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. సంగతి వినగానే ఆ పిల్ల గొంతు చించుకుంది. "మావయ్యా! నేను చెప్పింది కంప్యూటర్లో ఉన్నదాని గురించి! తినేవాటి గురించి కాదు! వెంటనే అసలు కజ్జికాయలు తెచ్చిచ్చెయ్యండి, మీకు దణ్ణం పెడతాను!"

శోభనాద్రి ఫోను కేసి జాలిగా చూశాడు. మా చెవుల దగ్గరికొచ్చి, "మనం ఒట్టు మీద నిలబడతామో లేదోనని పరీక్ష పెడుతోంది. తప్పులు ముందు ఇంట్లోవాళ్ళే చేసి చూడాలని రాసింది కదండీ" అన్నాడు. ఫోన్లోకి గట్టిగా, "మేం పడిపోం కోమలీ!" అన్నాడు.

ఫోను అవతల ఏదో దబ్బున పడిన చప్పుడైంది.

హారిక కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. మంగతాయారు కొంగు నడుముకి చుట్టింది. "ఈ జన్మలో మీ ఇంటి వంట..." అని మొదలుపెట్టింది. ఆ మాట పూర్తయ్యిందంటే మూకుడు అమలాపురం బస్సెక్కేసినట్టే. నా కళ్ళ ముందు గోడ పక్కన నిలబడి ఏడ్చిన వరహాలు మెదిలింది. గబుక్కున టీచరు చెయ్యి పట్టుకున్నాను.

"కజ్జికాయలు గడప దాటకూడదు, అంతే కదా? మనం దాటొచ్చు కదా! పదండి. సీమంతం అక్కడే చేసేద్దాం."

ఇంకేముంది. పసుపు, కుంకుమ, గాజుల బుట్ట, పూలజడ, పీట, పీట మీంచి లేచొచ్చిన హారిక, వెనకాల నూట ఇరవైమంది పట్టుచీరలు. కోటవీధి చివర్నించి మా వీధిదాకా ఊరేగింపే. టీ కొట్టు దగ్గర జనం లేచి దారిచ్చారు.

గుమ్మంలో వరహాలు అట్లకాడ అడ్డం పెట్టి నిలబడింది. "మీరందరూ ఇంట్లోవాళ్ళేనా?" అని అడిగింది. దాని మొహంలో ఎంత భయమో!

"ఇంట్లోవాళ్ళమేనమ్మా" అన్నాను.

"ఒక్కొక్కరూ చెప్పాలి పిన్నిగారూ. ఆర్డరు పెద్దది."

నూట ఇరవైమందీ ఒకరి తర్వాత ఒకరు, ఇంట్లోవాళ్ళమే అని చెప్పి లోపలికి వెళ్ళారు. హారికని నాగరత్నం కుర్చీలో కూర్చోబెట్టాం. మిగతావాళ్ళు మంచం మీద, మెట్ల మీద, గంగాళం బోర్లించి దాని మీద, ఎక్కడ చోటుంటే అక్కడ. మంగతాయారు కుట్టుమిషను పక్కన సర్దుకుంది. గంపల మీద గుడ్డ తీసింది వరహాలు.

హారిక మొదటిది కొరికింది. కళ్ళు మూసుకుంది. రెండోది తీసుకుంది. మూడోదానికి గాని మాట రాలేదు. "అమ్మా, ఇంటికి నేను రాను, ఇక్కడే ఉండిపోతాను" అంది. అంతే, ఇల్లంతా నవ్వులు. గాజులు తొడిగారు, పాటలు పాడారు. ఐదొందల్లో ఒక్కటి మిగల్లేదు. మంగతాయారు వెళ్తూ వెళ్తూ వరహాలు చేతులు పట్టుకుని, "ఇంత బాగా జరుగుతుందని నేననుకోలేదమ్మా. బారసాలకీ నీకే ఆర్డరు" అంది.

నాగరత్నం గర్వంతో పొంగిపోయింది. తన ఇంట్లో, తన కుర్చీలో సీమంతం జరిగింది మరి. "ఎవరి చేతా మాట పడలేదు. మాటంటే మాటే వరహాలూ. రేపు పొద్దున్న మూకుడు నీ చేతిలో పెడతా" అని అందరి ముందూ చెప్పింది. వరహాలు అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. నేనూ కళ్ళు తుడుచుకున్నాను, దాచుకోవడమెందుకు.

ఆ రోజు సాంబశివం మిషను తీసుకెళ్ళడానికి వచ్చి, అద్దమంతా నూనె జిడ్డు చూసి, తుడవడానికి మందు తెస్తానని వెళ్ళిపోయాడు. మిషను ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అది నేను పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్న ముగ్గు వేస్తూ గోడ మీంచి తొంగి చూశాను. నాగరత్నం పసుపు రంగు చీర కట్టుకుని, పళ్ళెంలో పసుపూ కుంకుమా పూలూ పెట్టి, వాటి మధ్య ఏదో చుట్ట చుట్టినట్టు పెట్టి కోడలికి అందిస్తోంది. వరహాలు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, పళ్ళెం కళ్ళకద్దుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"మూకుడేదీ నాగరత్నం?" అని కేకేశాను.

"ఇచ్చేశాగా! అద్దం మీద పట్టలేదు ఆదిలక్ష్మీ. నాలుగు మూలలూ నాలుగు కాగితాల మీద తీసి, మైదాపిండితో అతికించారు నా కొడుకులు. అసలుది నా పెట్టెలో భద్రంగా ఉంది. నేనేమైనా తెలివితక్కువదాన్నా, అసలుది ఇచ్చెయ్యడానికి?"

నా చేతిలో ముగ్గు చిప్ప జారిపోయింది. అప్పటికే వాళ్ళ వంటింటి కిటికీలోంచి పొగ వస్తోంది. బావి దగ్గర బకెట్టు అందుకుని ఒక్క ఉదుటున లోపలికి పరిగెత్తాను. గ్యాసుపొయ్యి మీద కాగితం మూకుడు ఒక మూల అంటుకుని మండుతోంది. వరహాలు నూనె డబ్బా చంకన పెట్టుకుని, ఆనందంతో మెరిసిపోతూ, మూకుడు వేడెక్కేదాకా ఆగుతోంది.

పొయ్యి కట్టేసి బకెట్టు ఎత్తాను. వరహాలు ఎగిరొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నీళ్ళు పొయ్యకండి పిన్నిగారూ, మీకు పుణ్యముంటుంది! కొత్త మూకుడు, తడిసిపోతుంది!"